దానిమ్మను బెదిరించిన రోజు

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో నాగమల్లేశ్వరి పెరడు చూసినవాళ్ళు అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ అంటారు. వాళ్ళ మొహం. ప్రశాంతత ఎక్కడుందక్కడ? టమాటా మొక్కల మీద బొటనవేలంత లావున పచ్చపురుగులు పాకుతాయి. ఆకు రంగులో కలిసిపోయి మనలాంటి వాళ్ళకు కనపడవు. ఆవిడకు కనపడతాయి. కత్తెరతో నడుముకు అడ్డంగా ఒక్క కోత కోసి, రెండు ముక్కలూ మొక్క మొదట్లోనే పడేస్తుంది, ఎరువవుతుందని. నత్తల్ని పొద్దున్నే ఏరి ఇటుక మీద పెట్టి ఇంకో ఇటుకతో దంచుతుంది. నేల కింద సొరంగాలు తవ్వి వంగమొక్కల్ని వేళ్ళతో సహా లాక్కుపోయే గోఫర్‌లని ఉంటాయి, పందికొక్కుల సంతతి. వాటికి ఇనపబోను పెడుతుంది. ప్రాణంతో పట్టే బోను కాదు, టక్కున మెడ విరిచే రకం.

"తోటపనంటే హత్యలేనమ్మా," అంటుంది, సలహాకొచ్చిన అమ్మాయిలు మొహం చిట్లిస్తే. "పది నారు మొలిస్తే ఎనిమిది పీకెయ్యాలి. జాలిపడ్డావా, పదీ చస్తాయి. మొక్కని ముద్దు చెయ్యకూడదు, దానికి భయం ఉండాలి."

గుంటూరు జిల్లా నోరు. ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నా అరగలేదు. భర్త సూర్యప్రకాశరావు నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆ లోటు కూడా ఆవిడే తీరుస్తుంది. శాన్ రామన్, డబ్లిన్ ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ మొక్కకు జలుబు చేసినా ముందు మోగేది ఆవిడ ఫోనే.

"ఆంటీ, బీరపాదు నిండా పూలే, ఒక్క పిందె లేదు," అని డబ్లిన్ నుంచి దేదీప్య ఏడుపుగొంతుతో అడుగుతుంది.

"అన్నీ మగపూలై ఉంటాయి. ఆడపువ్వుకి కింద బుల్లి బీరకాయ ఉంటుంది, వెతుకు. సాయంత్రం విచ్చుకున్నాక మగపువ్వు తెంచి, రేకులు పీకేసి, దాని మొహం తీసుకెళ్ళి ఆడపువ్వుకేసి రుద్దు. తేనెటీగలు వస్తాయని కూర్చుంటే నీ పిల్లలకి పెళ్ళీడొస్తుంది."

ఎమ్మెస్ చదువుకుంటున్న సాత్విక్ అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి చేస్తాడు. "ఆంటీ, కరివేపాకు పొడుగ్గా పోతోంది, పక్కకి రావట్లేదు."

"తల తుంచెయ్."

"ఉన్నదే ఒక్క కొమ్మ ఆంటీ."

"తుంచమన్నానా లేదా?"

టమాటా అడుగున నల్లగా కుళ్ళుతోందంటే, ఒకరోజు కుండపోతగా పోసి నాలుగు రోజులు మర్చిపోయావు కదూ అని చూసినట్టే చెబుతుంది. జబ్బేమిటో ఫోన్లోనే తేల్చేస్తుంది. తప్పు చెప్పిందన్న మాట అంతవరకూ రాలేదు. ఆ గర్వం ఆవిడకు పుష్కలంగా ఉంది, ఉండాలి కూడా.

అలాంటి మనిషికి మింగుడుపడని చెట్టు ఒక్కటే, రేణు వాళ్ళ దానిమ్మ.

రేణు, ఉదయ్‌లది రెండు వీధుల అవతల ఇల్లు. ఉదయ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఊరందరికీ అతనంటే ప్రాణం. గుడిలో వడ్డన దగ్గర అతనే, ఎవరి అమ్మానాన్నలు ఎయిర్‌పోర్ట్‌లో దిగినా కారు తెచ్చేది అతనే. సూర్యప్రకాశరావు మోకాలి ఆపరేషన్ అప్పుడు హాస్పిటల్‌కి వారంరోజులు క్యారేజీ మోశాడు. ఆంటీ అని వంగి పిలిస్తే ఆ పిలుపులో చక్కెర కారేది. ఇలాంటి పిల్లాణ్ణి కన్న తల్లి ఎవరో గాని అదృష్టవంతురాలు అని నాగమల్లేశ్వరి పదిమందిలో అనేది. రేణు మాత్రం నలుగురిలో కలవదు. అడిగితే నవ్వుతుంది, లేకపోతే అదీ లేదు. ఆ పిల్లకి కాస్త పొగరు అని ఊళ్ళో ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. ఊరి నోటికి తలుపులుంటాయా?

దానిమ్మను ఇల్లు కొన్న ఏడాదే కంచె పక్కన పెట్టారు. నాలుగు మొదళ్ళతో గుబురుగా, పచ్చగా, ఆరోగ్యంగా ఉంటుంది. పూత మాత్రం రాదు. దానిమ్మ కొత్తగా వేసిన చిగురు కొసల్లో పూస్తుంది. ఈ చెట్టుకేమో వసంతంలో చక్కగా సాగిన కొసలు నాలుగురోజులు పోయేసరికి మాయం. కొన్నిచోట్ల బెరడుతో సహా చీల్చుకుని కిందికి వేలాడుతుంటాయి. కొసలు పోతుంటే పూత ఎక్కడినుంచి వస్తుంది?

"జింకలు," అని తేల్చింది నాగమల్లేశ్వరి మొదటి ఏడాది. కొండ దగ్గరి ఊరు కదా, సందేళప్పుడు జింకలు వీధుల్లోకి దిగుతాయి. ఆరడుగుల కంచె వాటికొక లెక్కా? ఘాటువాసన సబ్బు ముక్కలు గుడ్డలో కట్టి కొమ్మలకు వేలాడదీయమంది. ఉదయ్ నిచ్చెన తెచ్చుకుని తన చేత్తోనే కట్టాడు. ఆంటీ చెప్తే వేదమే అన్నాడు. తరువాతి ఏడాదీ కొసలు పోయాయి. అయితే ఉడతలంది. వెల్లుల్లి, మిరపకారం కలిపి కొట్టమంది. అదీ అతనే కొట్టాడు.

ఒకసారి రేణు ముంజేతుల మీద ఎర్రటి గీరలు చూసి నాగమల్లేశ్వరి చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే?"

"దానిమ్మ ముళ్ళు ఆంటీ. పాదులో గడ్డి పీకుతుంటే గీరుకున్నాయి."

"పొట్టిచేతుల చొక్కాతో దానిమ్మ దగ్గరికి పోతావా? బుద్ధుందా నీకు?" అని గదిమి, మర్నాడే సూర్యప్రకాశరావు పాత ఫుల్‌హాండ్స్ చొక్కాలు రెండు ఇస్త్రీ చేసి మరీ తెచ్చిచ్చింది. ఉదయ్ అక్కడే ఉన్నాడు. "మంచిపని చేశారు ఆంటీ, నేనెన్నిసార్లు చెప్పినా ఈమెకి ఎక్కదు," అని నవ్వాడు. నాగమల్లేశ్వరి కూడా నవ్వింది.

రెండువేల పద్నాలుగు మే నెల వచ్చింది. కరువుతో ఊళ్ళో పచ్చికలన్నీ గడ్డివాముల రంగుకు తిరిగాయి. ఒక శనివారం పొద్దున్నే ఉదయ్ ఫోన్ చేశాడు. "ఆంటీ, ఈ ఏడాది కూడా లేదు. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను మా ఇంట్లో దానిమ్మ ఉందని. ఒక్కసారి వచ్చి చూసి, ఏదో ఒకటి తేల్చండి."

వెళ్ళింది. చెట్టు చుట్టూ తిరిగింది. మళ్ళీ అవే తెగిన కొసలు. ఆవిడ పరువు ఆ చెట్టుకు వేలాడుతున్నట్టనిపించి ఒళ్ళు మండింది.

"మందులన్నీ అయిపోయాయి బాబూ. ఇంక మా అమ్మమ్మ వైద్యం ఒక్కటే మిగిలింది," అంది.

"అదేంటి ఆంటీ?"

"బెదిరించడం. కాయని చెట్టు దగ్గరికి ఒకళ్ళు గొడ్డలి పట్టుకుని వెళ్ళి, కాస్తావా నరకమంటావా అని అరవాలి. రెండోవాళ్ళు అడ్డంపడి, ఈ ఒక్క ఏటికీ వదిలెయ్యండి, వచ్చే ఏడు కాస్తుంది, నాదీ పూచీ అని బతిమాలాలి. పూచీ పడ్డాక గొడ్డలి దించెయ్యాలి. మా అమ్మమ్మ వాళ్ళ మునగచెట్టు ఆ దెబ్బకి కొమ్మలు విరిగేటట్టు కాసింది."

ఉదయ్ కళ్ళు మెరిశాయి. గరాజ్‌లోకి వెళ్ళి క్యాంపింగ్‌కి కొన్న గొడ్డలి తెచ్చాడు. పిడి పసుపురంగు, అంచు కొత్తగా తళతళలాడుతోంది.

"బతిమాలేది నేను చేస్తాలే, ఈ పిల్లకి నోరెక్కడుంది," అంది నాగమల్లేశ్వరి.

"కాదు ఆంటీ, రేణు చేస్తుంది. బతిమాలడం ఆమెకి బాగా వచ్చు," అన్నాడు ఉదయ్ నవ్వుతూ.

సూర్యప్రకాశరావు ఫుల్‌హాండ్స్ చొక్కాలో రేణు వచ్చి చెట్టు పక్కన నిలబడింది. నాగమల్లేశ్వరి కాస్త దూరంగా, పాదులు తవ్వే పార మీద చెయ్యి ఆనించి, వేడుక చూడ్డానికి సిద్ధమైంది.

ఉదయ్ గొడ్డలి ఎత్తాడు. "కాస్తావా, నరకమంటావా?" అన్నాడు. మొదటిసారి నవ్వుతూనే అన్నాడు.

"ఇంకా గట్టిగా బాబూ. చెట్టుకి చెవుడు," అంది నాగమల్లేశ్వరి.

"కాస్తావా చస్తావా?" ఈసారి నవ్వు లేదు. "తిండి పెడుతున్నాను. నీళ్ళు పోస్తున్నాను. ఇంత ఇల్లిచ్చాను. నీకేం తక్కువ చేశాను? నలుగురిలో నా పరువు తీస్తావా? వాళ్ళ ముందు మొహం మాడ్చుకుని నిలబడతావా?"

బాగా చేస్తున్నాడనుకుంది నాగమల్లేశ్వరి ముందు. తరువాత, చెట్టు మొహం మాడ్చుకోవడమేమిటి, ఇతనేం మాట్లాడుతున్నాడు అనిపించింది. అప్పుడు చూసింది రేణు వంక.

రేణు చెట్టుకు అడ్డంగా రాలేదు. వెనక్కి తగ్గి, గోడకు ఆనుకుని, మోచెయ్యి పైకెత్తి తల కప్పుకుంది. గొడ్డలి చెట్టువైపు ఉంది. ఆమె మాత్రం తన తల కాసుకుంటోంది. నాగమల్లేశ్వరి నేర్పిన పూచీ మాట ఆమె నోట రాలేదు. "తప్పయిపోయింది. ఇంకెప్పుడూ చెయ్యను. ఫోన్ చెయ్యను. ఎవరితోనూ మాట్లాడను. ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి," అంటోంది, ఒకే స్వరంలో, ఎన్నిసార్లో వల్లించిన పాఠం అప్పజెప్పినట్టు.

ఎత్తిన చేతిమీంచి చొక్కా మోచేతిదాకా జారింది.

నాగమల్లేశ్వరి ఆ చెయ్యి చూసింది. ముళ్ళ గీరలు ఎలా ఉంటాయో ఆవిడకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ముల్లు అడ్డదిడ్డంగా గీరుతుంది. ఈ చేతిమీద గీతలు అన్నీ ఒకే వాలున, పక్కపక్కనే, వాతలు తేలి ఉన్నాయి. చూపు చెట్టు మీదికి పోయింది. తెగిన కొసలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. జింక మూతి ఎత్తు కాదు, ఉడత కొరికింది కాదు. మగమనిషి చెయ్యిచాచి పట్టుకుని కిందికి లాగితే బెరడు ఎలా చీలుతుందో అలా చీలి ఉన్నాయి. సన్నటి, సాగే, ముళ్ళున్న బరికెలు. ఓరి నీ దుంపతెగ, జింకలని సబ్బులు కట్టించానే నేను, అనుకుంది. ఆ సబ్బులు నవ్వుతూ కట్టింది వీడే కదా. కొసలు దేనికి పోతున్నాయో తెలిసి తెలిసి నిచ్చెనెక్కి కట్టాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చాలు బాబూ," అంది, గొంతు అదుపులో పెట్టుకుని. "పూచీ నాది. గొడ్డలి దించు."

అతను వినలేదు. విననట్టు నటించలేదు, నిజంగానే వినలేదు. మొదటి వేటు పడింది. దానిమ్మ చేవ గల కర్ర, ఖంగుమని మోగింది. రెండో వేటుకు ఒక మొదలు సగం తెగి వాలింది. "నువ్వు ఆంటీకి ఏం చెప్పావు? చేతులు ఎందుకు చూపించావు?" అంటున్నాడు చెట్టుతో. మూడో వేటు. పెచ్చులు లేచి నాగమల్లేశ్వరి చెంపకు తగిలాయి.

రేణు పరుగెత్తుకొచ్చింది. చెట్టు మీద ప్రేమ కాదు, అక్కడ ఆంటీ ఉంది, అతను అటు తిరుగుతాడేమోనని భయం. అతని చెయ్యి పట్టుకుంది. అతను తిరగను కూడా తిరగకుండా గొడ్డలి పిడితో వెనక్కి పొడిచాడు. అది ఆమె నోటికి తగిలి పటుక్కుమంది. ఆమె మోకాళ్ళ మీద పడింది. గడ్డం మీంచి రక్తం సూర్యప్రకాశరావు చొక్కా మీదికి కారింది. అప్పుడు ఉదయ్ తిరిగి చూశాడు. చూసి, గొడ్డలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

పార ఎప్పుడు లేచిందో నాగమల్లేశ్వరికి తెలియదు. ఆవిడ చేతికి తెలుసు. పార పలక అతని మణికట్టు మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకు కొత్త కాదు, రోజూ బోనులో వింటుంది. గొడ్డలి నేలమీద పడింది. అతను అరిచి ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమచేత్తో చెట్టు కొస లాగాడు. అలవాటు చొప్పున లాగాడు, చూసుకోనక్కర్లేదు. బరికె ఊడివచ్చింది. ఆవిడ మెడమీద ఒకటి, చెవి మీద ఒకటి పడ్డాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. "ముసలిదానా, నా ఇంట్లో నీకేం పని?" అన్నాడు. అదే గొంతు, క్యారేజీ తెచ్చినప్పుడు ఆంటీ అన్న గొంతే.

"నా పని నువ్వే చెప్పి పిలిచావురా," అంది నాగమల్లేశ్వరి. పార అడ్డంగా తిప్పి మోకాలి కింద కొట్టింది. అతను కూలబడ్డాడు. లేవబోతే భుజం మీద ఇంకొకటి. పచ్చపురుగును కోసేటప్పుడు ఉండే కోపం కూడా ఆవిడకు అప్పుడు లేదు, భయం ఒక్కటే ఉంది. అతను చెయ్యి చాస్తే గొడ్డలి అందుతుంది. కాలు తీసుకెళ్ళి గొడ్డలి మీద పెట్టి, పార రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చీరకుచ్చిళ్ళు మట్టిలో జీరాడుతున్నాయి.

కంచె అవతల పక్కింటి డోనా తల కనిపించింది. చెవి దగ్గర ఫోన్ ఉంది.

ఇది గుంటూరు కాదు కదా. అక్కడైతే చెట్టును బెదిరిస్తుంటే పక్కవాళ్ళు గోడెక్కి తమాషా చూసేవాళ్ళు. ఇక్కడ గొడ్డలి ఎత్తిన మొదటి నిమిషంలోనే డోనా పోలీసులకు తొమ్మిది-ఒకటి-ఒకటి నొక్కేసింది. సైరన్ వీధి మలుపు తిరిగేసరికి అతను కింద కూర్చుని ఉన్నాడు. పక్కగేటు తోసుకుని ఇద్దరు పోలీసులు వచ్చారు, ఒక పొడుగాటి మనిషి, ఒక అమ్మాయి. తుపాకులు తీసే వచ్చారు. వాళ్ళకు కనిపించిందేమిటి? మణికట్టు పట్టుకుని మూలుగుతున్న మగవాడు, మోకాళ్ళ మీద నెత్తురోడుతున్న ఆడమనిషి, వాళ్ళిద్దరి మధ్య పార పట్టుకుని, కాలికింద గొడ్డలితో ఒక పెద్దావిడ. రెండు తుపాకులూ నాగమల్లేశ్వరి గుండెకు గురిపెట్టారు.

పార కింద పడెయ్, పడెయ్ అని అరుస్తున్నారు. ఆవిడ పడెయ్యలేదు. అర్థంకాక కాదు. పార వదిలి పక్కకు జరిగితే గొడ్డలి అతని చేతికి అందుతుందన్న ఒక్క ఊహే ఆవిడ బుర్రలో ఉంది. పొడుగాటి పోలీసు గొంతు మారింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది.

"ఆంటీ, పడెయ్యండి," అంది రేణు. పాకుతూ వచ్చి ఆవిడ పాదం కిందున్న గొడ్డలి మీద తన ఒళ్ళంతా వేసి పడుకుంది. "నేను పట్టుకున్నాను. మీరు పడెయ్యండి."

నాగమల్లేశ్వరి పార వదిలేసింది. వెంటనే ఆవిడ చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు.

అప్పుడు చూడాలి ఉదయ్‌ని. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అనలేదు. పోలీసులను చూడగానే వెన్ను వంగింది, గొంతులో చక్కెర కారింది. చక్కటి ఇంగ్లీషులో, నొప్పిని ఓర్చుకుంటున్న పెద్దమనిషిలా చెప్పుకొచ్చాడు. ఆఫీసర్, ఇది మా ఆచారం. కాయని చెట్టును గొడ్డలితో బెదిరిస్తాం, ఒకళ్ళు ఏడుస్తున్నట్టు నటిస్తారు. సంప్రదాయం. ఈ ఆంటీయే చెప్పారు, కావాలంటే అడగండి. పిడి జారి నా భార్యకు తగిలింది. పాపం ఆంటీకి వయసైంది, నిజమనుకుని కంగారుపడి నన్ను కొట్టారు. నేను కేసు పెట్టను. మేమంతా ఒక కుటుంబంలా ఉంటాం.

ఎంత బాగా అమరిందో చూడండి. రేణు గొంతు పెగలకుండా ఇన్నేళ్ళు నొక్కినవాడికి చివరికి అడ్డుపెట్టుకోవడానికి దొరికింది నాగమల్లేశ్వరి అమ్మమ్మ వైద్యం.

పొడుగాటి పోలీసు ఆవిడను అడిగాడు. ఇలాంటి ఆచారం ఉందా?

అబద్ధం చెప్పడం ఆవిడకు రాదు. "ఉంది. నేనే చెప్పాను," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

"మీరతన్ని కొట్టారా?"

"కొట్టాను. మూడుసార్లు. చెయ్యి విరగాలనే కొట్టాను."

ఉదయ్ జాలిగా తల ఊపాడు. పోలీసు రాసుకుంటున్నాడు.

"కానీ ఆచారంలో చెట్టును నరకరు," అంది నాగమల్లేశ్వరి. మెడ మీద వాత భగ్గున మండుతోంది. "పూచీ పడితే ఆగాలి. నేను పూచీ పడ్డాను. ఇతను ఆగలేదు. ఆ పిల్ల చెయ్యి చూడండి. చెట్టు చూడండి. నేను మూడేళ్ళుగా ఆ చెట్టును చూస్తున్నాను, ఈ పిల్లను చూడలేదు."

పోలీసు అమ్మాయి రేణును చెట్టు అవతలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె నోటికి గుడ్డ అడ్డుపెట్టి, నెమ్మదిగా అడిగింది. మీ ఆయన మిమ్మల్ని కొడతారా? ఇదివరకు కొట్టారా? ఇక్కడ ఉండటం మీకు భయమా?

రేణు నేల చూస్తోంది. నాగమల్లేశ్వరి ఆమెవైపే చూస్తోంది. ఈ పిల్ల ఇప్పుడు లేదు అంటే అయిపోయినట్టే. పోలీసులు నన్ను కారెక్కించి తీసుకుపోతారు, ఈమె లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు వెనక ఈ రాత్రికి ఈమె ప్రాణాలతో ఉంటుందన్న పూచీ ఎవరిది? చెప్పవే తల్లీ, చెప్పవే, అని లోపల మొత్తుకుంటోంది గాని, పైకి అనలేదు. ఒకళ్ళు నూరిపోస్తే చెప్పిన మాట నిలవదని ఆవిడకు తెలుసు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగేవాళ్ళుంటారు. ఎవరికి చెబుతుంది? ఇతన్ని దేవుడనే ఊరికా? గీరలు చూపిస్తే చొక్కాలు తెచ్చిచ్చిన ఆంటీకా?

ఉదయ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతికి పొడుగాటి పోలీసు కట్టు కడుతున్నాడు. చెట్టు పక్కనుంచి భార్యను చూశాడు. చూసి నవ్వాడు. భార్యను ఓదార్చే మొగుడు ఎలా మాట్లాడతాడో అచ్చం అలాగే, తెలుగులో, మృదువుగా అన్నాడు. "రేణూ, కంగారు పడకురా. నవ్వుతూ ఏం లేదని చెప్పేసెయ్. వీళ్ళు వెళ్ళాక నిన్ను ఈ చెట్టు కిందే పాతిపెడతాను."

పోలీసులకు ఆ గొంతు వినిపించింది. మాట అర్థంకాలేదు. పొడుగాటాయన కొంచెం మెత్తబడ్డట్టే కనిపించాడు. అమ్మాయి మాత్రం రేణు మొహంలోకి చూస్తోంది. "ఏమంటున్నారు ఆయన?" అంది.

నాగమల్లేశ్వరి నోరు తెరిచింది. అంతలో రేణు తల ఎత్తింది. నోటికి పెట్టుకున్న గుడ్డ తీసింది. కింది పెదవి రెండుగా చీలి ఉంది, మాట సరిగా రావడం లేదు. అయినా ఒక్కో మాటా విడివిడిగా, ఇంగ్లీషులో, గట్టిగా చెప్పింది.

"కంగారు పడొద్దంటున్నాడు. నవ్వుతూ ఏం లేదని చెప్పమంటున్నాడు. మీరు వెళ్ళాక నన్ను ఈ చెట్టు కింద పాతిపెడతానంటున్నాడు."

ఉదయ్ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయాడు. "ఆఫీసర్, నా భార్య షాక్‌లో ఉంది. నేను ఆమెకి ధైర్యం చెప్పాను, అంతే. ఆంటీని అడగండి. ఆంటీకి తెలుగొచ్చు."

పొడుగాటి పోలీసు నాగమల్లేశ్వరి వైపు తిరిగాడు. రేణు కూడా తిరిగింది. ఆ చూపులో ఆశ లేదు. ఈ ఊళ్ళో ఎవరు ఎవరిని నమ్ముతారో ఆమెకు బాగా తెలుసు.

"అన్నాడు," అంది నాగమల్లేశ్వరి. "అక్షరం పొల్లుపోకుండా ఆమె చెప్పిందే అన్నాడు. ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను. ముందు ఆ పిల్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, నా సంకెళ్ళ సంగతి తరువాత."

రేణు ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది.